ఊగేటోళ్ల మిద్దె

గడ్డివాము అంటుకుంటే మంట ఊరందరికీ కనబడుతుంది. పత్తి అలా కాలదు. లోపల్లోపల నిప్పు పాకుతూ పోతుంది, పైన చూస్తే తెల్లగానే ఉంటుంది. ఆర్పేశామనుకుని పైపులు చుట్టుకుని బండి ఎక్కాక, వెనక మళ్ళీ పొగ లేస్తుంది. ఆదోని చుట్టుపక్కల ఫైర్ సర్వీసులో పనిచేసిన వాడెవడైనా ఈ అవమానం ఒకసారైనా పడి ఉంటాడు.

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కలిసినప్పుడు, "మీ సర్వీసులో అన్నింటికన్నా పెద్ద ఫైరు ఏది సార్?" అని అడుగుతుంటారు. పెద్దవంటే జిన్నింగ్ మిల్లులవే. ఆ కథలు చెబితే వాళ్ళకు సంతోషం. కానీ నేను నిజంగా వణికింది ఒక పాత ఇంట్లో. ఆ ఇంటి సంగతి చెప్పాలంటే దాన్ని కట్టినవాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. లేకపోతే మేము పగలగొట్టిన గోడ అక్కడ ఎందుకుందో మీకు అర్థం కాదు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డుకు కాస్త లోపల, చేల మధ్య ఉండేది ఆ మిద్దె. చుట్టుపక్కల వాళ్ళు ఊగేటోళ్ల మిద్దె అనేవాళ్ళు. ఎండాకాలంలో ఏ ఊరి బావిలో నీళ్ళున్నాయో తిరిగి చూసి రావడం మా పనుల్లో ఒకటి. అవసరానికి బండి నింపుకోవాలి కదా. ఆ ఇంటి వెనక బావి ఎంత కరువులోనూ ఎండేది కాదు. అలా నాకు ఆ ఇంటితోనూ, ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే అవ్వతోనూ పరిచయమైంది. బండి నిండేలోపు ఆమె మజ్జిగ ఇచ్చి, అడిగినా అడగకపోయినా తమ వాళ్ళ కథ చెప్పేది.

ఎమ్మిగనూరు మగ్గాల మనిషి ఒకాయన, తుంగభద్ర అవతల నుంచి వచ్చిన కన్నడం మాట్లాడే విధవరాలు ఒకామె, ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన సమాజం అది. పెళ్ళి వద్దు, సొంత ఆస్తి వద్దు, కులం వద్దు, చేతులతో పని చేసుకుని దేవుణ్ణి పాడుకుంటే చాలు అన్నారు. నమ్మినవాళ్ళు ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి వచ్చి చేరారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు అన్నాచెల్లెళ్ళలా బతికారు. సాయంత్రం ఎదురెదురు వరసల్లో నిలబడి పాడేవాళ్ళట. పాడుతూ పాడుతూ ఊగిపోయేవాళ్ళట. ఊళ్ళవాళ్ళు నవ్వి ఆ పేరు పెట్టారు. అయితే వాళ్ళు నేసిన గుడ్డను చూసి గానీ, పండించిన కొర్రను చూసి గానీ ఎవరూ నవ్వలేదు. వాళ్ళు చేసిన తలుపు నేను చూసేనాటికి కూడా కిర్రుమనేది కాదు.

ఇల్లు కూడా వాళ్ళ నియమానికి తగ్గట్టే కట్టుకున్నారు. ముందువైపు రెండు తలుపులు. ఎడమది ఆడవాళ్ళది, కుడిది మగవాళ్ళది. ఎవరి తలుపు లోపల వాళ్ళ మెట్లు. కింద రాతి స్తంభాల మీద నిలిచిన ఒకే పొడుగాటి హాలు. మగ్గాలూ పాటలూ అన్నీ అక్కడే. పైన రెండు గదులు. రెంటికీ మధ్య రాళ్ళూ మట్టీ పెట్టి కట్టిన మందపాటి గోడ. ఆ గోడకు తలుపు లేదు.

పెళ్ళిళ్ళు లేని చోట పిల్లలెక్కడి నుంచి వస్తారు? కరువు రోజుల్లో పెంచలేనివాళ్ళు ఆ గడప ముందు వదిలిపోయిన పిల్లలే సమాజానికి వారసులు. వాళ్ళలో చాలామంది పెద్దయ్యాక పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయారు. అవ్వ అలా వచ్చిన బిడ్డే. ఆమె మాత్రం మిగిలింది.

"నువ్వెందుకు పోలేదవ్వా?" అని ఒకసారి అడిగాను.

"పిలిసినోళ్ళు ఉండారప్పా. నాకే పోబుద్ది కాలే," అంది.

ఒక్కొక్కరే పోయి, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు మిగిలినప్పుడు ఇంటిని చెనిక్కాయల వ్యాపారి ఒకాయనకు అమ్మారు. అవ్వ బతికినంతకాలం పై గదిలో ఉండవచ్చని మాట. ఆయన కింద చెనిక్కాయలు పోసుకున్నాడు. చెనిక్కాయల కాలం పోయి పత్తి కాలం వచ్చాక ఆయన ఆదోని పత్తి వ్యాపారి ఒకతనికి అమ్మేశాడు. కొత్త యజమానీ ఆ మాట తప్పలేదు. పండగకు అవ్వకు చీర కూడా పెట్టేవాడు. చెడ్డవాడు కాదు. సీజన్‌లో మాత్రం అతనికి పత్తి తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. అది కూడా ఆదోనిలో వింత కాదు.

ఇక మా స్టేషన్ సంగతి. మా స్టేషన్ ఆఫీసర్ కోస్తా నుంచి వచ్చినాయన, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. ఎవరినైనా 'అండీ' అనేవాడు, మమ్మల్ని కూడా. "ఈ సారు మంటను గూడా 'ఆరిపోండి' అంటాడప్పా," అని మా డ్రైవరన్న నవ్వేవాడు. డ్రైవరన్న ఆదోని వాడు. బండిని బూతులు తిట్టకుండా స్టార్ట్ చెయ్యడం అతనికి చేతకాదు. నేను లీడింగ్ ఫైర్‌మన్ని. నాతోపాటే ఉద్యోగంలో చేరిన ఇంకొక ఫైర్‌మన్ నా స్నేహితుడు. నోరు తెరిస్తే నవ్వే మనిషి.

ఆ రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మేము వెళ్ళేసరికి ఎడమ తలుపులోంచి మంట బయటికి నాలుక చాపుతోంది. మిద్దె మీద వెలుతురు కోసం వదిలిన గవాచిలోంచి నల్లటి పొగ కంబంలా లేస్తోంది. వాకిట్లో పత్తి దింపుతున్న లారీని ఎవరో అడ్డదిడ్డంగా వెనక్కి తీశారు. జనం గుంపు కట్టారు. యజమాని తలమీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"లోపల ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగాడు మా ఆఫీసర్.

"అందరూ బయటికొచ్చినారు సార్. కూలోళ్ళంతా ఈడనే ఉండారు. నీళ్ళు కొట్టండి సార్, బిరీన!"

మేము అందరం ఎడమ తలుపు దగ్గరికే ఉరికాం. మంట అక్కడుంది కాబట్టి. ఎవరైనా అదే చేస్తారు. నీళ్ళు వదిలాం. గుమ్మం పైనున్న బండకు నీళ్ళు తగలగానే తుపాకీ పేలినట్టు చప్పుడైంది. బండ నిలువునా చీలింది. ఒక ముక్క డ్రైవరన్న చెవి పక్కనుంచి దూసుకుపోయి బండి అద్దానికి తగిలింది. అతను ఆ క్షణంలో తిట్టడం కూడా మర్చిపోయాడు.

అప్పుడే గుంపును చీల్చుకుంటూ ఒక హమాలీ వచ్చాడు. కౌతాళం దిక్కు మనిషి. భార్యాభర్తలిద్దరూ ఆ సీజన్‌కు పనికి వచ్చారు. "సార్, నా పెండ్లాము యాడా కనపడల్యా. అవ్వకు సంగటి ఇచ్చొస్తానని పైకి పోయింది సార్. యేసయ్యా, పైననే ఉండాదేమో సార్!"

అందరం తలలెత్తి చూశాం. ఎడమవైపు పై కిటికీ ఇనుప కడ్డీల మధ్యనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి కొంగు ఊపింది. పొగ కమ్మేసి, చెయ్యి కనిపించకుండా పోయింది.

ఆ కిటికీకి నిచ్చెన వేద్దామంటే దాని కిందే మంట. ఎడమ మెట్లు మంటలోనే ఉన్నాయి. మా ఆఫీసర్ చీలిన బండ వంక చూశాడు, తర్వాత తలుపులోంచి లోపలికి చూశాడు. హాలులో స్తంభాలు కూడా అదే రాయి. అవి వేడెక్కి ఉన్నాయి. వాటి మీదే పై గదులున్నాయి.

"నీళ్ళు ఆపండి," అన్నాడు.

నేను విన్నది నమ్మలేక ఆయన ముఖం చూశాను. "ఆపండి. స్తంభాల మీద చుక్క పడకూడదు," అని మళ్ళీ అన్నాడు.

యజమాని ఆయన మీదికి ఉరికాడు. "ఆపేదేంది సార్! పత్తంతా బూడిదైపోతాది! కొట్టమనండి!"

గుంపులోంచి కేకలు మొదలయ్యాయి. "పైన మనుషులుంటే నీళ్ళాపుతాడేంరా వీడు!" ఎవరో మట్టిగడ్డ విసిరారు. అది ఆయన భుజానికి తగిలింది. ఆయన దులుపుకోలేదు. యజమాని వైపు తిరిగి, "కుడివైపు మెట్లు ఎలా ఉన్నాయండీ?" అని అడిగాడు.

యజమాని కుడి తలుపు వైపు చూశాడు. "మూసినాము సార్," అన్నాడు.

"దేనితో?"

"ఇటికలతో. ఆ మెట్లమీద నుంచి ఎలకలు దిగి పత్తిలో దూరుతాండాయని... మెట్ల మొదట్లోనే గోడ పెట్టించినా సార్."

ఆ తర్వాత అతను నీళ్ళ మాట ఎత్తలేదు.

హాలు కుడిభాగానికి ఇంకా మంట రాలేదు, పొగ మాత్రం నిండిపోయింది. ఆఫీసర్ నన్నూ, నా స్నేహితుణ్ణీ పిలిచాడు. కుడి తలుపులోంచి లోపలికి వెళ్ళాలి, ఇటుకల గోడ పగలగొట్టాలి, పైకెక్కి మధ్యగోడకు కన్నం పెట్టాలి. "వెళ్తారా?" అని అడిగాడు. ఆజ్ఞ ఇవ్వవలసిన మనిషి అడిగాడు. నేను తలూపాను. నా స్నేహితుడు ఆ రోజు నవ్వలేదు. గడ్డపార తీసుకుని ముందు నడిచాడు.

ముఖాలకు తడిగుడ్డలు కట్టుకున్నాం. తుంపరలా నీళ్ళు వచ్చేట్టు పైపు మూతి తిప్పి మా ఒళ్ళు మాత్రమే తడుపుకుంటూ దూరాం. కళ్ళు తెరిస్తే మంట, మూస్తే చీకటి. ఎడమవైపు పత్తి మండుతున్న చప్పుడు దగ్గరికొస్తున్నట్టు అనిపించేది. ఇటుకల గోడ కొత్తది, సిమెంటుతో కట్టింది. గట్టిగా ఉంది. నా స్నేహితుడు కొట్టాడు, నేను కొట్టాను, మళ్ళీ అతను కొట్టాడు. మొదటి ఇటుక లోపలికి పడ్డప్పుడు నాకు ఏడుపొచ్చింది. మనిషి దూరేంత సందు చేసుకుని, పైపును కిందే వదిలి మెట్లెక్కాం.

మగవాళ్ళ గదిలో పాత గోనెసంచులు, గోడ పొడుగునా కంబళ్ళు తగిలించుకునే కొయ్య మేకులు. మనిషి అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో. నేల వేడి బూట్లలోంచి తెలుస్తోంది. మధ్యగోడ దగ్గరికి వెళ్ళి గడ్డపార ఎత్తబోతుంటే వినిపించింది. ధమ్. ధమ్. గోడ అవతలి నుంచి.

"ఎవరది?" అని అరిచాను.

ఒక ఆడగొంతు దగ్గుతూ పలికింది. "అన్నా! మేమన్నా! రోకలితో కొడతాండాము. రాయి కదలాడతాండాది!"

దాని వెనకే అవ్వ గొంతు. "ఎవరప్పా ఆపక్క?"

"నేనవ్వా. బావికాడికి నీళ్ళకొచ్చేవాణ్ణి."

"ఓ, నువ్వా," అంది, మజ్జిగ ఇస్తున్నప్పుడు అన్నట్టే. "కొంచెం కిందికి కొట్టప్పా. పైన రాయి పెద్దది, మా తల మీద పడతాది."

అటునుంచి రోకలి, ఇటునుంచి గడ్డపార. మట్టి రాలుతోంది, రాళ్ళు రావడం లేదు. అంతలో మా కాళ్ళకింద, హాలులో ఎక్కడో, రాయి చిట్లిన చప్పుడైంది. నేల ఒక్కసారి వణికింది. నా స్నేహితుడు నా ముఖం చూశాడు. ఇద్దరం ఒకే సంగతి అనుకున్నాం. వెనక్కి తిరిగితే మెట్లు దగ్గర్లోనే ఉన్నాయి. అతను మళ్ళీ గడ్డపార ఎత్తాడు. అతను దించి ఉంటే నేనూ దించేవాణ్ణేమో. ఈ మాట అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

చివరికి ఒక రాయి మా వైపు జారింది. దానితో ఇంకో రెండు. కన్నంలోంచి పొగ మా గదిలోకి కక్కుకుంది. ఆ పొగలో రోకలి పట్టుకున్న రెండు నల్లటి చేతులు కనిపించాయి. "నువ్వు రామ్మా ముందు," అన్నాను. ఆమె వినలేదు. అవ్వను నడుం పట్టి కన్నం దగ్గరికి తోసింది.

అవ్వ తల ఇవతల పెట్టి ఆగిపోయింది.

"రా అవ్వా!"

"బుద్ది తెలిసినకాడి నుంచి నేను ఈపక్కకు రాలేదప్పా," అంది. బెదిరిపోయి అన్న మాట కాదు అది. తనకు తాను చెప్పుకున్నట్టుంది. రాళ్ళ అంచు పట్టుకుని, కాళ్ళకింద నేల కాలుతుండగా, అనుమతి కోసం ఎవరినో చూస్తున్నట్టు ఆ గదంతా చూసింది. అనుమతి ఇచ్చేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

వెనకనుంచి కూలీ ఆమె గట్టిగా అరిచింది. "అవ్వా, పా! నువ్వు కదలకుంటే నేను గూడా ఈడనే సస్తా!"

అవ్వ కదిలింది. నేను రెండు చంకల కింద చేతులు వేసి లాగాను. పిట్టంత బరువు లేదు. నా స్నేహితుడు కూలీ ఆమెను లాగాడు. అవ్వను భుజాన వేసుకుని ఎలా దిగానో, ఇటుకల సందులోంచి ఎలా దూరానో గుర్తులేదు. తలుపు దగ్గర తెల్లటి వెలుతురు, ఆ వెలుతురులో కదలకుండా నిలబడిన మా ఆఫీసర్, అంతే గుర్తుంది. హమాలీ తన భార్యను పట్టుకుని మట్టిలో కూలబడ్డాడు. డ్రైవరన్న అవ్వ ముఖానికి నీళ్ళు రాస్తూ, ఎవరినో తెలియదు, తిడుతూనే ఉన్నాడు.

సినిమాల్లో అయితే మేము బయటికి రాగానే ఇల్లు కూలాలి. కూలలేదు. పత్తి మొత్తం బూడిదయింది, స్తంభాలు నిలబడ్డాయి. ఒకటి చిట్లింది గానీ బరువు మోస్తూనే ఉంది. స్తంభాలు చల్లారాక మేము కాలిన పత్తి బేళ్ళను ఒక్కొక్కటీ బయటికి లాగి తడుపుతూ చాలా రోజులు అక్కడే ఉన్నాం.

ఇల్లు కూలకపోవడమే మా ఆఫీసర్‌కు ముప్పయింది. ఎవరో పై అధికారులకు అర్జీ రాశారు. స్తంభాలు నిలబడ్డాయి కదా, మరి నీళ్ళెందుకు ఆపావు, సరుకంతా ఎందుకు తగలబడనిచ్చావు అని విచారణ. ఆయనకు సర్వీసు కొన్ని నెలలే మిగిలింది. నీళ్ళు పడి ఉంటే స్తంభాలు పగిలేవా, పగిలేవి కావా? ఈ రోజుకూ నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. తెలియని సంగతిని తెలిసినట్టు కాగితం మీద పెట్టడం ఆయనకు రాదు. "అప్పటికి నాకు అలా తోచిందండీ," అని చెప్పి ఊరుకున్నాడు. అలా చెప్పకండి సార్ అని మేమంతా బతిమాలాం. వినలేదు.

పత్తి యజమానిని పిలిపించిన రోజు మాకు ఆశ పోయింది. నష్టపోయిన మనిషి అతను. నేరం మా మీద పడితే బీమా వాళ్ళతో అతనికి దారి సులువవుతుంది. అతను వచ్చాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మెట్లు మూసింది నేను సార్," అన్నాడు విచారణకు వచ్చిన అధికారితో. "ఎవరినీ అడగల్యా, ఎవరికీ సెప్పల్యా. ఆ పొద్దు ఈ సారు నీళ్ళాపమన్నాడు, నేను కొట్టమని మీదికి పోయినా. నా మాట ఇనింటే ఇప్పుడు మనం ఈడ పత్తి గురించి మాట్లాడతా ఉండం."

అధికారి రాయడం ఆపి తలెత్తి చూశాడు. "నువ్వేం చెబుతున్నావో తెలుసా? ఇది రాసుకుంటే నీకే నష్టం," అన్నాడు.

"రాసుకోండి సార్."

విచారణ అక్కడితో ముగిసింది. బీమా అతనికి రాలేదని తర్వాత విన్నాను. అతను ఆ ముచ్చట మాతో ఎప్పుడూ ఎత్తలేదు. మార్కెట్ యార్డులో ఎదురైతే టీ ఇప్పించేవాడు, పత్తి ధర గురించి మాట్లాడేవాడు, అంతే.

అవ్వను కౌతాళం దగ్గర తమ ఊరికి హమాలీ దంపతులే తీసుకుపోయారు. "మా ఇండ్లు సిన్నది సార్, అయినా అవ్వ ఎంత జాగా తింటాది?" అంది ఆమె. ఒకే గది ఇల్లు అది, పిల్లలు, కోళ్ళు, చర్చి పాటలు. ఒకసారి ఆ దిక్కు డ్యూటీకి పోయి చూసి వచ్చాను. అవ్వ ఒక పిల్లకు జడ వేస్తూ, కన్నడం, తెలుగు కలిపి తిడుతోంది. నన్ను చూసి, "ఈ కూతురు కూసుంటే గదా!" అని ఫిర్యాదు చేసింది.

మిద్దెను ఆ తర్వాత ఎమ్మిగనూరు వాళ్ళెవరో కొన్నారు. పై అంతస్తు తీసేసి, రేకులు వేసి, విత్తనాల గోడౌన్ చేశారు. పత్తి యజమాని అమ్మేటప్పుడు ఒక్క తుండు మాత్రం అమ్మలేదు. బావి అవతల ఊగేటోళ్ల సమాధులున్న చోటు. ఎందుకు మిగుల్చుకున్నాడో అవ్వ పోయినప్పుడు తెలిసింది. హమాలీ ఫోన్ చేయగానే గుంత తవ్వించి, మాకందరికీ కబురు పెట్టాడు.

పాడెకు నలుగురు కావాలి. అవ్వ వాళ్ళెవరూ లేరు. హమాలీ, పత్తి యజమాని, నేను పట్టాం. నాలుగో కొస మా ఆఫీసర్ పట్టాడు. రిటైరై కోస్తాకు వెళ్ళిపోయిన మనిషి, కబురందగానే బస్సెక్కి వచ్చాడు. నడక కష్టంగా ఉంది. వద్దన్నా వినలేదు.

మట్టి వేశాక ఆఫీసరూ నేనూ బావి గట్టు మీద కూర్చున్నాం. ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకున్న మాట అప్పుడు అడిగాను. "సార్, మేం లోపలికి పోయినాక మీరు తలుపు కాడ నిలబడినారు. నీళ్ళు కొట్టమందామని ఒక్కసారన్నా అనిపించలేదా?"

ఆయన చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.

"మీరు లోపలికి వెళ్ళాక నేను మంట గురించి ఆలోచించలేదండీ," అన్నాడు. "మీ ఇంటికి వెళ్ళి తలుపు తట్టితే మీ ఆవిడ వచ్చి తీస్తుంది కదా. ఆవిడతో మొదట ఏ మాట అనాలి అని వెతుక్కుంటూ నిలబడ్డాను."

"దొరికిందా సార్?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇప్పటికీ దొరకలేదు," అన్నాడు.